గ్రంథాలయం గుమ్మంలో ఒక నల్లబల్ల కావాలి

తెనాలి, బాపట్ల, రేపల్లె శాఖా గ్రంథాలయాల గ్రంథపాలకులకు,



మూడు ఊళ్లకూ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది, బాపట్ల జిల్లా కేంద్రమైంది, రేపల్లె ఆ జిల్లాలోకి వెళ్లింది. కాగితాల మీద మీ పై అధికారులు వేరు కావచ్చు. చదివేవాళ్లకు మాత్రం ఇవి ఒకే డెల్టా నేల మీది మూడు ఊళ్లు. తెనాలి స్టేషన్లో ఒక లైను నిడుబ్రోలు మీదుగా బాపట్లకు పోతుంది. 1916లో వేసిన ఇంకో లైను వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో ఆగిపోతుంది. ఈ రెండు లైన్ల మీదా కాలేజీకి, ఉద్యోగానికి, పుట్టింటికి, ఆసుపత్రికి తిరిగేవాళ్లే మీ దగ్గర సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లూ, ఉండాల్సినవాళ్లూ.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. మీ గ్రంథాలయం గుమ్మం పక్కన, లోపలికొచ్చేవాళ్ల కంటికి ఆనే ఎత్తులో, ఒక నల్లబల్ల పెట్టించండి. పైన "ఈ వారం నేను చదువుతున్న నవల" అని రాయించండి. ఒక సుద్దముక్క ఉంచండి. వచ్చినవాళ్లు నవల పేరు, రచయిత పేరు, ఎక్కడిదాకా చదివారో రాసి, పక్కన ఒక్క మాట రాస్తారు. తమ పేరు రాసుకోవాలనుకుంటే రాసుకుంటారు, లేదంటే లేదు. వారం తిరగ్గానే చెరిపేసి మళ్లీ మొదలుపెట్టండి.

చదివేసిన నవల గురించి కాకుండా చదువుతూ ఉన్న నవల గురించే ఎందుకు రాయించాలంటున్నానో చెప్పాలి. పుస్తకం పూర్తిచేసినవాళ్ల దగ్గర తీర్పు ఒకటి తయారుగా ఉంటుంది. బాగుందంటారు, బాగా లేదంటారు, విన్నవాళ్లు సరే అని తలూపి వెళ్లిపోతారు. మధ్యలో ఉన్నవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లకు ఒక పాత్ర మీద కోపం ఉంటుంది, ఇంకో పాత్రకు ఏమవుతుందోనన్న బెంగ ఉంటుంది, రచయిత ఇక్కడ అన్యాయం చేస్తున్నాడేమోనన్న అనుమానం ఉంటుంది. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే చాలు, నవల ఇద్దరి మధ్యకీ వచ్చేస్తుంది. పైగా సగంలో ఉన్నవాళ్లు ఎవరికీ పాఠం చెప్పలేరు. అందుకే ఎవరూ వాళ్ల ముందు చిన్నబోరు.

ఆ మధ్య ఒక గ్రంథాలయం నుంచి గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' తెచ్చుకున్నాను. పాత ప్రతి. అట్ట ఊడిపోతే ఎవరో ఖాకీ కాగితం వేసి మైదాపిండి జిగురుతో అంటించారు. వెనక అట్ట లోపల తేదీల చీటీ ఉంది. ఊదారంగు ముద్రలు మొదట్లో ఒకదాని మీద ఒకటి ఎక్కేంత దగ్గరదగ్గరగా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ సంవత్సరాల మధ్య ఎడం పెరిగింది. చివరి వరసలో సగం గళ్లు ఖాళీ. లోపల, సీతారామారావు భార్య ఇందిరను మాటలతో బాధపెట్టే ఒకచోట, మార్జిన్లో పెన్సిలుతో ఎవరో "వీడి మీద జాలిపడకూడదు" అని రాశారు. దాని కిందే వేరే దస్తూరీ, నీలం బాల్‌పెన్ను: "ఎందుకు పడకూడదు? వంశం పేరు నిలబెట్టమని నెత్తిన పెట్టిపోయిన తండ్రిది తప్పు కాదా?" నాలుగు పేజీలు తిప్పాక మూడో దస్తూరీ, గుండ్రంగా, పొందికగా: "తండ్రి సంగతి సరే. ఇందిర తప్పేమిటి?"

గ్రంథాలయం పుస్తకంలో రాయకూడదు. మీరు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో నాకు తెలుసు, మీరు చెప్పేది న్యాయమే. కానీ ఆ ముగ్గురూ చేసింది పుస్తకం పాడుచేయాలని కాదు. ఒకరినొకరు చూసుకోకుండానే, ఏళ్ల ఎడంతో, ఆ పేజీ దగ్గర వాళ్లు మాట్లాడుకున్నారు. చదువుతుండగా నోట్లోకి వచ్చిన మాట ఎక్కడో చెప్పుకోవాలి, చెప్పుకోడానికి చోటు లేక మార్జిన్లో రాశారు. నేను అడిగే బల్ల ఆ మాట కోసమే. మూడో దస్తూరీ ఒక ఆడమనిషిదని నా నమ్మకం. ఆమె ఏ సభలోనూ మైకు ముందు నిలబడి ఆ ప్రశ్న వేసి ఉండదు.

వారపత్రికల రోజుల్లో ఈ బల్ల అవసరం పడలేదు. సీరియలు అందరినీ ఒకే ప్రకరణం దగ్గర నిలబెట్టేది. ఈ వారం తెనాలి కొత్తపేటలో ఒకావిడ ఎక్కడ ఆగిందో, బాపట్లలో ఆమె అక్క కూడా అక్కడే ఆగింది, రేపల్లెలో వదినా అక్కడే ఆగింది. వచ్చే వారందాకా ముగ్గురికీ అదే మాట. మా ఇంట్లో అమ్మ వారపత్రికల్లోంచి సీరియలు పేజీలు జాగ్రత్తగా కత్తిరించి, వరసగా పేర్చి, దబ్బనంతో రంధ్రాలు చేసి పురికొస వేసి కుట్టేది. పైన పాత క్యాలెండరు కాగితం అట్ట. ఆ పేజీల వెనక వంటల శీర్షికలు, తలనూనె ప్రకటనలు, సగం తెగిన జోకులు. మధ్యలో ఒక వారం సంచిక దొరక్కపోతే అక్కడ తెల్లకాగితం ఒకటి పెట్టి, పక్కింటి పిన్నిగారిని అడిగి ఆ వారం కథ క్లుప్తంగా రాసి పెట్టేది. ఆ కాగితాన్ని మేమంతా నవలలో భాగంగానే చదివాం. తర్వాత చదివినవాళ్లకు అచ్చు పేజీలు ఎంత గుర్తున్నాయో పిన్నిగారు చెప్పిన ఆ వారం కూడా అంతే గుర్తుంది.

ఆ పత్రికలు ఒకటొకటిగా ఆగిపోయాయి. అద్దె నవలల కొట్లు మూతపడ్డాయి. నవలలు చదవడం మానేశారని మాత్రం నేననుకోను. ఫోనులో చదువుతున్నారు, వంట చేసుకుంటూ చెవిలో పెట్టుకుని వింటున్నారు, పుస్తకాల పండగకు విజయవాడ వెళ్లి సంచుల నిండా కొనుక్కొస్తున్నారు. కానీ ఎవరు ఏది చదువుతున్నారో పక్కవాళ్లకు తెలియడం లేదు. రేపల్లె బండిలో ఎదురెదురు సీట్లలో ఇద్దరు ఒకే నవల వింటూ ఒకరికొకరు తెలియకుండా దిగిపోయే రోజులివి. నాకు బాధ కలిగించేది అదే.

ఈ పంచుకోవడాన్ని చిన్న విషయమని తీసేయకండి. మన ఊళ్ల సాహిత్యం చాలావరకు దాంట్లోంచే పుట్టింది. తెనాలి ఐతానగరానికి చెందిన చక్రపాణి సంగతి చూడండి. క్షయ జబ్బు వచ్చి 1930ల మొదట్లో మదనపల్లె శానిటోరియంలో చేరారు. అక్కడ తోటి రోగి ఒకరి దగ్గర బెంగాలీ నేర్చుకున్నారు. ఆ బెంగాలీతోనే శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చారు. శరత్‌బాబు తెలుగువాడేనని అనుకునేంతగా అవి మన ఇళ్లలో కలిసిపోయాయి. ఆ వార్డులో రెండు మంచాల మధ్య ఒక భాష, దాని వెంట దాని పుస్తకాలు చేతులు మారకపోయి ఉంటే, మన అమ్మమ్మలు దేవదాసు కోసం అన్ని కన్నీళ్లు పెట్టుకునేవారే కాదు. 1947 జూలైలో మొదలైన 'చందమామ' వెనక ఉన్నదీ ఆయనే. తర్వాత దశాబ్దాల పాటు ఆ పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు పుట్టిందీ తెనాలిలోనే.

ఇక శారద. ఆయన గురించి కాస్త ఎక్కువసేపు చెప్పుకుంటాను, మన్నించండి. అసలు పేరు ఎస్. నటరాజన్. తమిళుడు. 1937లో, పన్నెండేళ్ల వయసులో, తండ్రితో కలిసి తెనాలి చేరాడు. అప్పటికి తెలుగు రాదు. హోటళ్లలో పనికి కుదిరాడు. బల్లలు తుడిచాడు, ఇడ్లీలూ కాఫీలూ అందించాడు. ఆ పనిలో ఉంటూనే తెలుగు చదవడం నేర్చుకున్నాడు, చదివాడు, రాయడం మొదలుపెట్టాడు. 'మంచీ చెడూ', 'అపస్వరాలు', 'ఏది సత్యం' అనే మూడు నవలలు, ఎన్నో కథలు రాశాడు. 1950ల మధ్యలో ఆయన నవలలు ధారావాహికలుగా వస్తుంటే తెలుగు దేశమంతా చదివింది. రచయిత ఆ పూట తినడానికి ఏముందో చదివినవాళ్లలో చాలామందికి తెలియదు. మూర్ఛ జబ్బుతో 1955 ఆగస్టు 17న పోయాడు. ముప్ఫై ఏళ్లు.

ఈ నటరాజన్‌కు పుస్తకాలు ఎలా చేరాయి? ఆయనకు ఇంటి గ్రంథాలయం లేదు, కాలేజీ లేదు, గురువు లేడు. తోటి హోటలు పనివాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకరు ఆలూరి భుజంగరావు. ఆయన కూడా హోటల్లో పనిచేస్తూనే చదువుకున్నారు. తర్వాత హిందీ నుంచి ఎన్నో పుస్తకాలు తెలుగు చేశారు, స్నేహితుడి జీవితాన్ని 'సాహిత్యబాటసారి శారద' పేరుతో రాశారు. రాత్రి పొయ్యిలు ఆరాక, పిండి రుబ్బడం మొదలయ్యేలోపు దొరికే ఆ కాస్త వ్యవధిలో, "నువ్వేం చదువుతున్నావు?" అని అడిగే మనిషి ఒకడు పక్కన ఉంటే ఎంత జరుగుతుందో ఈ ఇద్దరి జీవితాలు చూస్తే తెలుస్తుంది. ఇవాళ తెనాలి బస్టాండు చుట్టుపక్కల టిఫిను సెంటర్లలో బీహారు నుంచి, ఒడిశా నుంచి, బెంగాలు నుంచి వచ్చిన పిల్లలు పనిచేస్తున్నారు. వాళ్లలో ఎవరు రాత్రిపూట ఫోనులో ఏ నవల చదువుతున్నారో మనకు తెలియదు. మీ బల్ల మీద బెంగాలీలో ఒక పేరు కనపడినా దాన్ని చెరపకండి. ఎవరో ఒకరు ఆగి, ఇదేమిటని అడుగుతారు.

పాఠకుడు ఎక్కడుంటే పుస్తకం అక్కడికి వెళ్లాలన్న ఆలోచన కూడా మన కాలవల మీదిదే. దుగ్గిరాల దగ్గరి పెదపాలేనికి చెందిన పాతూరి నాగభూషణం 1935లో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ గ్రంథాలయం నడిపించారు. పడవ వచ్చే రోజున పుస్తకం తిరిగిచ్చేవాళ్లూ కొత్తది తీసుకునేవాళ్లూ అదే గట్టు మీద కలుస్తారు. తిరిగిచ్చే మనిషి చేతిలోని పుస్తకాన్ని చూసి, "ఎలా ఉంది?" అని అడగకుండా తీసుకునే మనిషి ఉండగలడా? మీ గ్రంథాలయాల్లో ఇప్పుడు తిరిగిచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ కలవడం లేదు. ఆ గట్టు పని బల్ల చేస్తుంది.

వేటపాలెంలో 1918 నుంచి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఇప్పుడది కూడా బాపట్ల జిల్లాలోనిదే. బాపట్ల గ్రంథపాలకులకు నేను ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు, ఇంత గొప్ప ఇరుగుపొరుగు ఎంతమందికి దొరుకుతుంది?

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతారు. పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలు పెడతారు. అయ్యంకి వెంకటరమణయ్యగారి పటానికి దండ వేస్తారు. ఇవన్నీ జరగాల్సినవే. ఆ వారం రోజుల్లో ఒక్కసారైనా, వచ్చిన ప్రతి మనిషినీ "ఇప్పుడు మీ చేతిలో ఏ నవల ఉంది?" అని అడిగితే బాగుంటుంది. పుస్తకం గొప్పతనం గురించి ఉపన్యాసం విన్నవాళ్లలో ఎందరు ఇంటికి పుస్తకం తీసుకెళ్లారో మీకు తెలుసు. పక్కింటావిడ బల్ల మీద "మూడోసారి చదువుతున్నా, ఇప్పటికీ ఏడుపు ఆగట్లేదు" అని రాస్తే ఆ పుస్తకం మర్నాటికి బీరువాలో ఉండదు.

మాలతీ చందూర్ గారు 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షిక కింద ఏళ్ల తరబడి ఇంగ్లీషు నవలల్ని పరిచయం చేశారు. గుంటూరు జిల్లా పల్లెల్లో ఇంగ్లీషు ఒక్క ముక్క రాని ఆడవాళ్లు తర్వాత ఆ నవలల గురించి మాట్లాడుకున్నారంటే అది ఆవిడ చేసిన పని. ఆవిడ పండితురాలిలా చెప్పలేదు, తాను చదువుతూ చదువుతూ ఇంటి వసారాలో కూర్చుని చెప్పినట్టు చెప్పారు. ఒక్క మనిషి అంత పని చేయగలిగినప్పుడు, మూడు ఊళ్ల పాఠకులు వారానికి ఒక్క మాట చొప్పున రాస్తే ఎంతవుతుందో చూడాలని నాకు చాలా ఆశగా ఉంది.

మీకు రాగల సందేహాలు కొన్ని ఊహించగలను. పోటీ పరీక్షలకు చదివే పిల్లలే హాలంతా నిండి ఉంటే నవలలెవరికి కావాలి అనిపించవచ్చు. ఆ పిల్లలకే ఎక్కువ కావాలి. రోజంతా కరెంటు అఫైర్సు బట్టీపట్టే మనిషి గుమ్మం దాటేటప్పుడు ఇంకొకరి చేతిరాతలో ఒక కథ ముక్క చూస్తే ఆ రోజు కాస్త తేలికవుతుంది. వాళ్లు నవల చదవక్కర్లేదు, ఊళ్లో నవలలు చదువుతున్నారని తెలిస్తే చాలు. ఉద్యోగం వచ్చాక మీ దగ్గరికి తిరిగొస్తారు.

ఎవరైనా పిచ్చిరాతలు రాస్తే? తుడిచేయండి, మీ చేతిలోనే గుడ్డ ఉంది. కులం పేరుతో, మతం పేరుతో, పార్టీ పేరుతో ఒక నవల మీద గొడవ పడితే? వాదన అయితే ఉండనివ్వండి. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు 'సూతపురాణం' రాసి, ఇంటికి సూతాశ్రమమని పేరు పెట్టుకుని బతికిన ఊరు తెనాలి. అంత వాదనను మోసిన ఊరికి ఒక నల్లబల్ల మీది మాట బరువు కాదు. తిట్టు అయితే మాత్రం చెరిపేయండి. ముగింపు చెప్పేసినా చెరిపేయండి, ఇదొక్కటే నేను కఠినంగా ఉండమని అడిగే నియమం.

మధ్యలో వదిలేసిన నవలల్ని కూడా రాయనివ్వండి. "నలభై పేజీల దగ్గర ఆపేశాను, ముందుకు సాగడం లేదు" అని ఒకరు రాస్తే, "యాభై దాకా ఓపికపట్టండి" అని ఇంకొకరు కింద రాస్తారు. మనం చదివిన పుస్తకాల జాబితా చూపించుకోవడం ఎక్కువైపోయిన రోజుల్లో, సాగని పుస్తకం గురించి చెప్పుకునే చోటు ఒకటి ఉండడం నాకు ముఖ్యంగా తోస్తుంది.

మీకు దీనివల్ల ఒక లాభం ఉంది. కొత్త పుస్తకాలు కొనేటప్పుడు జాబితా ఎక్కడో తయారై వస్తుందని మీలో కొందరు చెప్పగా విన్నాను. బల్ల మీద ఏడాది పాటు రాసినవాటిని వారం వారం ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. మీ పాఠకులు ఏ నవల కోసం అడుగుతున్నారో, ఏ ప్రతి చిరిగిపోయి మళ్లీ కొనాలో, చెప్పడానికి అంతకంటే మంచి కాగితం ఉండదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మేము కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు మీ గ్రంథాలయాలకు వస్తాయి. ఆ 8 పైసలకు మేమేం చదవాలనుకుంటున్నామో చెప్పే వీలు మాకు ఇలా దొరుకుతుంది.

ఆ ఫొటోలు మూడు ఊళ్ల మధ్యా పంపుకోండి. బాపట్ల బల్ల మీద ఒక మూల "రేపల్లెలో ఈ వారం" అని రెండు పేర్లు ఉండాలి, రేపల్లెలో తెనాలివి ఉండాలి. ఒక ఊళ్లో లేని ప్రతి ఇంకో ఊళ్లో ఉంటే, సభ్యుడు రైలెక్కి వెళ్లి తన కార్డు చూపించి తెచ్చుకునేలా జిల్లా సంస్థలు ఒప్పుకోవాలని కూడా మీ ద్వారా మనవి చేస్తున్నాను. వెళ్లి రావడం మాకు కష్టం కాదు.

నాకు తెలిసినవాళ్లను అడిగి చూశాను, మొదటి వారం బల్ల ఖాళీగా ఉండకూడదని. బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థి ఒకరు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' చదువుతున్నాడు. 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చిన నవల అది, తర్వాత సినిమా కూడా అయింది. కరువులో గొర్రెల మందల్ని నల్లమలలోకి తోలుకెళ్లేవాళ్ల కథ. తను మేత గురించి క్లాసులో విన్నదానికీ దీంట్లో మేతకూ ఎంత తేడా ఉందో అని ఆశ్చర్యపోతున్నాడు. రేపల్లెలో రిటైరైన టీచరుగారు ఒకావిడ యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' మళ్లీ మొదలుపెట్టారు. పెళ్లికి ముందు చదివినప్పుడు నచ్చిన హీరో ఇప్పుడు కోపం తెప్పిస్తున్నాడట, అయినా వదలబుద్ధి కావడం లేదట. తెనాలిలో మా వీధి కుర్రాడు కుటుంబరావు 'చదువు'లో సుందరం చిన్నతనం దగ్గర ఉన్నాడు. నేను తెనాలి దగ్గరి కూచిపూడివాడైన జి.వి. కృష్ణారావు 'కీలుబొమ్మలు' సగంలో ఉన్నాను. ఊరు రెండు పక్షాలుగా చీలుతోంది, ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకోలేకపోతున్నాను. ఇది చదివినవాళ్లు ఎవరైనా ఉంటే నాతో మాట్లాడాలని ఉంది.

ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా చెబుతాను. శారద 1955లో ఆగస్టు 17న పోతే, సరిగ్గా పాతికేళ్లకు 1980లో అదే తేదీన కుటుంబరావు పోయారు. ఇద్దరూ తెనాలి మనుషులు. ఒకరు ఇక్కడ పుట్టి వెళ్లారు, ఒకరు ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ కలిసిపోయారు. ఆగస్టు 17 వచ్చే వారంలో మూడు ఊళ్లలోనూ బల్ల తగిలించండి. సభ పెట్టొద్దు, శాలువాలు వద్దు, రిబ్బను వద్దు. ఆ పొద్దున గ్రంథాలయం తాళం తీసిన మనిషి తను చదువుతున్న నవల పేరు మొదటి వరసలో రాయాలి. స్వీపరు అయినా, అటెండరు అయినా, మీరే అయినా సరే.

బల్ల కొనడానికి నిధులు లేవంటే చెప్పండి, చందా వేసుకుని మేమే చేయిస్తాం. వడ్రంగిని కూడా మాట్లాడాను. కొలతలు మీరు చెప్పాలి.

ఇట్లు,
గ్రంథాలయ సభ్యుడు,
తెనాలి